నేను గీకేసిన చీటీ

ధూపం గిన్నెలు అమ్మడం కూడా ఒక ఉద్యోగమా అని మీరు నవ్వుతారు. నవ్వండి. తాడిపత్రి బజారులో ఒక పూజాసామాన్ల అంగడిలో ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం అదే. పసుపు, కుంకుమ, కర్పూరం ఎవరైనా అమ్ముతారు. ఏ పొగకు ఏ గిన్నె కావాలో చూసి చెప్పి ఇవ్వడం మాత్రం అందరివల్లా కాదు. కనీసం మా అంగట్లో నావల్ల తప్ప ఎవరివల్లా కాదని చాలా ఏళ్ళు నమ్ముకుని బతికాను.

కొత్తగా అంగళ్ళలో పనికి చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, ఆ రోజుల్లో ఎలా అమ్మేవారో చెప్పండి అని అడుగుతుంటారు. అది మొదలుపెడితే నేను ఆగను, వాళ్ళకు బస్సు తప్పిపోతుంది. ఈసారి అమ్మకం గురించి కాకుండా, నేను చేసిన ఒక పాడుపని గురించి చెబుతాను. ఎవరి పేర్లూ చెప్పను. నా పేరు కూడా చెప్పను, చెప్పుకునేంత మంచి సంగతి కాదు.

ముందు కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంత పెద్దదో మీకు అర్థం కాదు. అగరుబత్తిని మా వైపు ఊదుబత్తి అంటాం. దానికి రాలిన బూడిదను పట్టే పొడుగాటి పళ్ళెం ఉంటే చాలు. కప్పు సాంబ్రాణి తనంతట తానే కాలుతుంది కాబట్టి దాన్ని ఏ గుంత పళ్ళెంలో పెట్టినా ఫరవాలేదు. నిప్పుల మీద పొడి సాంబ్రాణి చల్లేవాళ్ళకు మాత్రం లోతైన, మందమైన గిన్నె కావాలి. గాలి ఆడటానికి రంధ్రాలు, చెయ్యి కాలకుండా కొయ్య పిడి ఉండాలి. ఇంతే శాస్త్రం. ఈ నాలుగు ముక్కలను నేను అరగంట చెప్పేవాణ్ణి. ఇత్తడి ఎక్కడినుంచి వచ్చింది, ఏ దేవుడికి ఏ ధూపం ప్రీతి, పిడి మీద హంస ఎందుకుంది, అన్నీ చెప్పేవాణ్ణి. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. కొందరు తప్పించుకోలేక విన్నారేమో, ఆ అనుమానం నాకు అప్పట్లో రాలేదు.

మా యజమానిని అందరం సావుకారి అనేవాళ్ళం. మాట పెళుసు, మనసు చెడ్డది కాదు. అంగడి ముందు భాగంలో గల్లా పక్కన నిలబడే చోటు నాది. వీధిలోంచి వచ్చేవాళ్ళకు మొదట కనబడేది నా ముఖం. వెనక చీకటిగా ఉండే గదిలో ఊదుబత్తులు కట్టలు కట్టేవాళ్ళు, సరుకు సర్దేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ ముఖాలు ఎవరికీ తెలియవు. నేను చేరినప్పుడు ఆరేళ్ళు ఆ వెనక గదిలోనే ఉన్నాను కాబట్టి, ముందుకొచ్చి నిలబడటం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

నేను చెప్పబోయే ఆమె ఆ వెనక గదిలోకే పనికి వచ్చింది. అంతకుముందు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేది. దుమ్ముకు దగ్గు పట్టుకుని మానేసిందట. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. క్రైస్తవులు. తెలిసినవాళ్ళెవరో చెబితే సావుకారి పనికి పెట్టుకున్నాడు. మొదటి రోజు నాకు దండం పెట్టి, "అన్నా, నాకేం తెల్దు, నువ్వే నేర్పియ్యల్ల" అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానంటే, ఆ రోజు మధ్యాహ్నం నా టీలో సగం ఆమెకు పోశాను.

ఏమీ తెలియదన్నది అబద్ధమని నెల తిరక్కముందే తెలిసింది. గుత్తి నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. కొత్త ఇల్లు కట్టుకున్నారు. పెద్ద ఇత్తడి ధూపం గిన్నె కావాలంది. నేను అన్నిటికంటే బరువైనది తీసి, హంస దగ్గర మొదలుపెట్టాను. ఊదుబత్తి కట్టలు ముందుకు తెచ్చి పెడుతున్న ఆమె, ఎవరూ అడక్కుండానే ఆగి, "అమ్మా, ఇంట్లో పాకే బిడ్డ ఉండాదా?" అని అడిగింది.

పంతులమ్మ ఆశ్చర్యంగా చూసి, మనవడున్నాడని చెప్పింది.

"పూజగదికి కిటికీ యా పక్క ఉండాది?"

"కిటికీ లేదు. చిన్న గది."

"అయితే ఇది వద్దమ్మా. ఇంత గిన్నెలో నిప్పులేస్తే ఆ గదిలో మీరు నిలబల్లేరు. నేల మీద పెడితే పిల్లోడు పట్టుకుంటాడు. కప్పు సాంబ్రాణి తీసుకోండి, దానికి గోడకు తగిలిచ్చే చిన్నది ఉండాది, చూపిస్తా."

పంతులమ్మ ఆ చిన్నదే తీసుకుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్ద బేరం పోయిందని సావుకారితో చెప్పి ఆమెకు చీవాట్లు పెట్టించాను కూడా. పది రోజులకు ఆ పంతులమ్మ తన బడిలో పనిచేసే నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చి, నా ముఖం మీదే, "ఆయమ్మ లేదా?" అంది.

ఆ మాట గురించి మీకు సరిగ్గా చెప్పాలి. 'ఆయమ్మ లేదా?' ఆ తర్వాత ఐదేళ్ళపాటు ఆ మాట నా చెవిలో పడని రోజు లేదు. ముందు చోట నేను నిలబడి ఉంటాను, తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతిలో గుడ్డ. వచ్చినవాళ్ళు నా భుజం మీదుగా వెనక్కి చూసి ఆ మాట అడిగేవాళ్ళు. నేను అద్దాల బీరువా కాదు కదా, నన్ను దాటి చూడటానికి! ఒళ్ళు మండిపోయేది. పైకి నవ్వి, "అమ్మా, నిన్ను అడుగుతాండారు" అని కేకేసేవాణ్ణి.

ఆమె దగ్గర ఉన్న విద్య ఏమిటో కనిపెట్టాలని చూశాను. ఏమీ లేదు. నేను ఏ దేవుడికమ్మా అని అడిగేవాణ్ణి. ఆమె ఏ గదిలోనమ్మా అని అడిగేది. బూడిద ఎవరు ఎత్తిపోస్తారు, ముసలివాళ్ళకు ఆయాసం ఉందా, ఇంట్లోకి గాలి ఎటునుంచి కొడుతుంది, ఇవీ ఆమె ప్రశ్నలు. ఇదంతా ఎక్కడ నేర్చావని ఒకసారి అడిగాను. "మా నాయన చర్చిలో ధూపానికి నిప్పులు చేసేటోడన్నా. గొలుసుల గిన్నె ఆయనే తోమేటోడు. పొగ ఎక్కువైతే ముందు వరసలో ముసలోళ్ళు దగ్గుతారు, తక్కువైతే ఫాదర్ కోప్పడతాడు. ఆయన ఎప్పుడూ జనం ముఖాలు చూస్తా ఉండేటోడు" అంది. నేను ముప్పై ఏళ్ళు ఇత్తడిని చూశాను. వాళ్ళ నాయన ముఖాలు చూశాడు. ఈ తేడా ఇప్పుడు ఇంత తేటగా చెబుతున్నాను గాని, అప్పుడు అర్థమై ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

మా ఆవిడ సంగతి చెప్పకుండా పోలేను. మా అత్తగారు మా ఇంట్లోనే ఉండేది. సాంబ్రాణి పొగ పడదు, కానీ శుక్రవారం పొగ లేకపోతే ఊరుకోదు. నేను నాలుగు గిన్నెలు మార్చాను, దగ్గు తగ్గలేదు. ఒక రోజు ఇంటికి పోయేసరికి గుమ్మం బయట మెట్టు మీద మూత ఉన్న చిన్న గిన్నె ఒకటి సన్నగా పొగ విడుస్తోంది. లోపల అత్తగారు హాయిగా కూర్చుని వాసన చూస్తోంది. ఎక్కడిదని అడిగితే మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. "మీ అంగట్లో ఆయమ్మనడిగినా. గాలి లోపలికి కొడతాది, బయట పెట్టుకోక్కా అనింది. ఇన్నేండ్లు మీకు తోచలేదే!" ఆ పూట నేను అన్నం తినలేదు. ఎందుకు తినలేదో మా ఆవిడకు అర్థం కాలేదు. మజ్జిగ తాగి పడుకోమంది.

ఇక నల్లబండ గిన్నె సంగతికి వస్తాను. మా వైపు వేసవికి ముందు గాలి మొదలైతే తలుపులు నిలవవు. తేలికపాటి ఊదుబత్తి స్టాండ్లు దొర్లిపోతాయి. ఆయమ్మ తమ్ముడొకడు బండల మిషన్ దగ్గర పనిచేసేవాడు. మిగిలిపోయిన నల్లబండ ముక్కలు తెప్పించి, చదరంగా కోయించి, మధ్యలో చిన్న గుంత తొలిపించి, అంచున బత్తి గుచ్చడానికి రంధ్రాలు పెట్టించింది. సావుకారి ముందు పెదవి విరిచాడు. మొదట చేయించిన పన్నెండూ ఒక వారంలో అమ్ముడుపోయాయి. మన ఊరి బండ, గాలికి కదలదు, కడిగితే మెరుస్తుంది. ఇంకేం కావాలి జనానికి?

ప్రతి గిన్నె అడుగునా ఆమె తన చేత్తో ఒక చీటీ అంటించేది. 'ఊదుబత్తికి, కప్పు సాంబ్రాణికి మాత్రమే. నిప్పులు వేయరాదు.' తాడిపత్రిలో పుట్టినవాళ్ళకు ఆ చీటీ అక్కర్లేదు. బండ మీద పొయ్యి పెడితే పేలుతుందని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ తెలుసు. అది పొరలు పొరలుగా ఉండే రాయి. పొరల్లో తడి ఉంటుంది. వేడెక్కితే టప్పుమని చిట్లి, చెక్కలు లేస్తాయి. పై ఊరివాళ్ళకు తెలియదు కాబట్టి చీటీ. అంటించినా చాలదన్నట్టు నోటితో కూడా చెప్పి పంపేది. ఇద్దరం ముగ్గురం ఆమెను ఎగతాళి చేసేవాళ్ళం, మందుసీసా అమ్ముతున్నావా అని.

ఆ రోజుల్లోనే సావుకారి ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. అంగడి మూసే వేళ కాలేదు, ఇద్దరు ముగ్గురు గిరాకులు ఉన్నారు. అందరి ముందే అన్నాడు.

"ఏమప్పా, వచ్చినోళ్ళంతా ఆయమ్మనే అడుగుతాండారు. వచ్చే నెల నుంచి ఆయమ్మ ముందర నిలబడనీ. నీకూ వయసైపోయ, కాళ్ళు నొస్తాండాయి అంటావు గదా. లోపల కుర్చీ ఏసుకుని కూచో."

"నేనెప్పుడన్నా సావుకారీ కాళ్ళు నొస్తాయని?"

"అంటే ఏమి, అనకపోతే ఏమి? చూస్తే తెలవదా?"

కుర్చీ! ఆరేళ్ళు చీకట్లో కట్టలు కట్టి సంపాదించుకున్న చోటు పోయి, బదులుగా ఒక కుర్చీ. వెనక్కి తిరిగితే ఆమె ఊదుబత్తులు లెక్కపెడుతూ తల ఎత్తలేదు. విననట్టు నటిస్తోందని అనుకున్నాను. ఇంకా పన్నెండు రోజులున్నాయి నెల తిరగడానికి. ఈ పన్నెండు రోజుల్లో ఆమె ఏదైనా తప్పు చేస్తే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. మీరు నమ్మరు గాని, నిజంగా కొబ్బరికాయ కొట్టి మొక్కుకున్నాను.

దేవుడు వినలేదు. నేనే పూనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. ఆమె అన్నానికి ఇంటికి పోయింది. బస్టాండు అవతల ఉంటుంది వాళ్ళ ఇల్లు. సావుకారి లోపల చాప మీద నడుం వాల్చాడు. ఎండకు బజారు ఖాళీగా ఉంది. పాతికేళ్ళ కుర్రవాడొకడు చెమటలు కక్కుతూ వచ్చాడు. పామిడిలో బట్టల అంగడిలో పనట, ఏదో పని మీద తాడిపత్రి వచ్చాడు.

"అన్నా, సాంబ్రాణి పొగ ఎయ్యడానికి ఒకటియ్యి. పొడి సాంబ్రాణి, నిప్పుల మీద ఏసేది."

మందపాటి ఇత్తడి గిన్నె నా చేతికి అందేంత దూరంలో ఉంది. కొయ్య పిడి, రంధ్రాలు, అన్నీ ఉన్నాయి. నా చెయ్యి దాని వైపు పోయింది కూడా. అప్పుడు పక్కన నల్లబండ గిన్నె కనబడింది. అంతే, ఒక్క క్షణంలో మొత్తం కళ్ళముందు ఆడింది. ఇతను ఇంటికి పోతాడు, నిప్పులు వేస్తాడు, బండ చిట్లుతుంది, పూజగది నేల మీద నాలుగు నిప్పులు పడతాయి. మర్నాడు వచ్చి అంగడి ముందు నిలబడి అరుస్తాడు. ఎవరు చేయించారీ గిన్నె అని సావుకారి అడుగుతాడు. నేను ఏమీ అననక్కర్లేదు, ఊరికే వెనక గది వైపు చూస్తే చాలు.

"ఇది తీసుకోప్పా. మా అంగట్లో పనిచేసే ఆయమ్మ చేయిచ్చింది. అందరూ ఇదే తీసుకుంటాండారు."

కాగితంలో చుట్టే నెపంతో కిందికి వంగి, తడిగుడ్డతో చీటీని నానబెట్టి, బొటనవేలి గోటితో గీకేశాను. చివర చిన్న ముక్క రాలేదు. వదిలేశాను. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో నాకు సంతోషంగా ఉంది.

అతను ఫోనుతో దుడ్లు కట్టి, సంచి చంకలో పెట్టుకుని, గడప దిగుతూ వెనక్కి తిరిగి నవ్వాడు.

"పాప పుట్టిందన్నా. రేపు పదకొండో దినం. తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసి పొగ ఎయ్యల్ల అని మా అత్త ఒకటే గోల. అందుకే ఉరికొచ్చినా."

పసిబిడ్డకు పొగ ఎలా వేస్తారో మీకు తెలియకపోతే చెబుతాను. నీళ్ళు పోసిన బిడ్డను పెద్దామె కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటుంది. గిన్నె పక్కనే ఉంటుంది, జానెడు దూరంలో. చేత్తో పొగను తల మీదికి తోస్తారు. ఆ జానెడు దూరంలో బండ పేలితే...

నోరు తెరిచాను. ఆగప్పా అనాలి. ఒక్క మాట. సరిగ్గా అప్పుడు ఎదురుగా ఆటో దిగిన ఒకావిడ అంగట్లోకి వచ్చి, నా భుజం మీదుగా వెనక్కి చూసి, "ఆయమ్మ లేదా?" అంది.

నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఈరోజుకీ చక్కగా చెప్పలేను. ఆ రెండు మాటలు నా మాటకు అడ్డం పడ్డాయి. "అన్నానికి పోయింది, కూచోండి" అని ఆవిడతో అని, మళ్ళీ వీధిలోకి చూసేసరికి కుర్రవాడు లేడు. బస్టాండు వరకు పరిగెత్తి ఉంటే దొరికేవాడు. పరిగెత్తలేదు. అంగడి వదిలి ఎలా పోతానని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె తిరిగి వచ్చింది. అరలో ఒక గిన్నె తగ్గిందని చూసిందో లేదో తెలియదు. నన్ను ఏమీ అడగలేదు. కొంచెం ఎక్కువసేపు నా వైపు చూసినట్టు అనిపించింది. నేను ఆ సాయంత్రమంతా ఇత్తడి తోముతూ కూర్చున్నాను. సావుకారి కూడా మెచ్చుకున్నాడు, ఈరోజు బలే పని చేస్తాండావే అని.

ఇంటికి పోయాక మా ఆవిడ అడిగింది, జ్వరమా అని. కాదన్నాను. పొద్దున్నే మొహం కడుక్కుని, అంగడికి కాకుండా పామిడి బస్సెక్కాను. దారంతా ఎండిపోయిన చేలు, అక్కడక్కడ గాలిమరలు. నీళ్ళు పోయడం ఎన్ని గంటలకు మొదలుపెడతారు? ఎండ వచ్చాక పోస్తారు. బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. ఒక చోట మేకలను దాటనివ్వడానికి ఆగింది. డ్రైవరును తిట్టాను. ఆయన నన్ను మళ్ళీ తిట్టాడు, ఏమప్పా ప్రాణం పోతాండాదా అని. పోతోందని చెప్పలేకపోయాను.

పామిడిలో దిగి బట్టల బజారంతా అడిగాను. పదకొండో రోజు బిడ్డ ఉన్న ఇల్లు, అల్లుడు బట్టల అంగట్లో పని. మూడో అంగడివాళ్ళు చూపించారు. సందులో నడుస్తుంటేనే సాంబ్రాణి వాసన వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నాకు అన్నం పెట్టిన వాసన అది. ఆ రోజు దాన్ని చూసి భయపడ్డాను.

గుమ్మంలోంచి చూశాను. పెద్దామె కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మీద తడి జుట్టుతో ఇంత బిడ్డ. పక్కన నల్లబండ గిన్నె. దానిలోంచి పొగ లేస్తోంది.

"తియ్యండి! దాన్ని అవతల పెట్టండి!" అని అరిచాను. పెద్దామె ఉలిక్కిపడి బిడ్డను గుండెకు హత్తుకుంది. కుర్రవాడు లోపల్నుంచి వచ్చి నన్ను గుర్తుపట్టాడు.

"అన్నా, మీరా? భయం లేదన్నా. చూడండి."

చూశాను. నిప్పులు బండ మీద లేవు. గుంతలో ఇసుక పోసి, ఆ ఇసుక మీద ఒక మట్టి మూకుడు పెట్టి, మూకుట్లో నిప్పులు వేశారు. బండ కింద పీటలా ఉందంతే. చేత్తో తాకి చూశాను. చల్లగా ఉంది.

"మీ అంగట్లో పనిచేసే ఆయమ్మ నిన్న బస్టాండులో కనబడిందన్నా" అన్నాడు కుర్రవాడు. "సంచి చూసి, ఏం తీసుకున్నావప్పా అని అడిగింది. చూపిచ్చినా. ఎందుకు అనింది. పాపకు పొగ అని చెప్పినా. ఆయమ్మ దాన్ని తిరగేసి చూసింది. అడుగున బొటనేలితో అట్ల రుద్దింది. ఇంగ నన్ను పిల్చుకునిపోయి కుండలోళ్ళ దగ్గర మూకుడు ఆమే కొనిచ్చింది. ఇసక పొయ్యి, దీంట్లో నిప్పులెయ్యి, బండకు తగలనియ్యద్దు, అని రెండుసార్లు చెప్పిచ్చుకుంది నాతో."

"ఇంకేమైనా అనిందా?" అన్నాను.

"అంగట్లో పని ఎక్కువుండి అన్న చెప్పడం మరిచిపోయినాడు, ఆయనకు చానా తెలుసు, అనింది."

బొటనవేలితో రుద్దింది. నేను వదిలేసిన చీటీ ముక్క ఆమె వేలికి తగిలింది. చీటీ దానంతట అది ఊడలేదని ఆమెకు తెలుసు. మరిచిపోవడం కాదని తెలుసు.

పెద్దామె బిడ్డను ఊపుతూ నన్ను అడిగింది, "అయితే నువ్వు ఎందుకొచ్చినావు నాయనా ఇంత దూరం?"

నిజం చెప్పాల్సింది అప్పుడే. మీరు నా చోట ఉంటే చెప్పేవాళ్ళేమో. నేను, "చెప్పడం మరిచిపోయినానమ్మా. అందుకే వచ్చినా" అన్నాను. ఆయమ్మ నాకోసం అల్లిన అబద్ధాన్ని తీసుకుని నేనే కప్పుకున్నాను. పెద్దామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒక మాట మరిచిపోయినానని బస్సెక్కొచ్చినావా! నీ అట్లాటోళ్ళు యాడుండారప్పా ఈ కాలంలో" అని నాకు కాఫీ ఇప్పించింది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి దీవించమంది. పెట్టాను. ఆ తల వెచ్చగా ఉంది.

తాడిపత్రి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చెప్పకుండా అంగడి ఎగ్గొట్టినందుకు సావుకారి తిడతాడని సిద్ధపడి పోయాను. ఆయన లేచి ఎదురొచ్చాడు. కుర్రవాడు సంచి మీదున్న నంబరుకు ఫోను చేసి, నేను వచ్చిన సంగతి చెప్పాడట. ఎంత గొప్ప మనిషిని పెట్టుకున్నారు మీ అంగట్లో, అన్నాడట.

"గిరాకి కోసం పామిడికి పోయినావంట! నాకు చెప్పింటే బండి ఇచ్చేవాణ్ణి గదప్పా" అన్నాడు సావుకారి. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. "నా మాట నేను వెనక్కి తీసుకుంటా. నువ్వుండేంతకాలం ముందర నువ్వే నిలబడు. ఎవురెవురిని అడిగినా సరే."

ఆమె వెనక గది గడపలో నిలబడి ఉంది. వచ్చే నెల తన చోటు అవుతుందనుకున్నది ఆమె కళ్ళముందే పోయింది. ఆ చీటీ గురించి ఆమె ఒక్క మాట అంటే చాలు. అది నా గొంతు మీద కత్తి. నేను ఆమె ముఖం వైపు చూడలేక చేతుల వైపు చూశాను. ఆ చేతుల్లో సగం కట్టిన ఊదుబత్తి కట్ట ఉంది.

"పాప ఎట్ల ఉండాదన్నా?" అంది.

"బాగుండాది" అన్నాను.

తల ఊపి లోపలికి పోయింది. నేను గుడ్డ తీసుకుని ముందు చోటికి పోయి నిలబడ్డాను.

నాలుగేళ్ళు నిలబడ్డాను. నాకు దక్కింది కదా, ఇంక అసూయ ఎందుకుంటుందని మీరనుకుంటారు. పెరిగింది. జనం ఆయమ్మ లేదా అని అడగడం మానలేదు. వెనక గదిలోంచి ఆమె పాట వినబడేది, కట్టలు కడుతూ వాళ్ళ చర్చి పాటలేవో పాడుకునేది. చీకటి గదిలో కూర్చున్న మనిషికి పాట ఎలా వస్తుందని నాకు మంట. నాకు ముందు చోటు ఉంది, వెలుతురుంది, సావుకారి మెప్పుంది. పాట రాలేదు. నేను ఆ నాలుగేళ్ళలో ఆమెను ఒక్కసారి కూడా తిట్టలేదు, ఒక్కసారి కూడా నవ్వుతూ పలకరించలేదు. ఆమె ఎప్పుడు నోరు విప్పుతుందా అని రోజూ ఎదురుచూశాను. విప్పితే బాగుండునని కూడా అనిపించేది. విప్పితే ఆమె కూడా నాలాంటిదే అయ్యేది, అప్పుడు ఇద్దరం సమానం.

అరవై నిండి పని మానే రోజు సావుకారి శాలువా కప్పాడు. పామిడి కథ మళ్ళీ చెప్పాడు, ఈసారి దారిలో వాన కూడా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. అందరూ మిఠాయి తింటున్నప్పుడు నేను వెనక గదిలోకి పోయాను. ఇన్నేళ్ళ తర్వాత కాళ్ళు నిజంగానే నొప్పి పుడుతున్నాయి.

"అమ్మా, ఆ చీటీ నేనే గీకినా."

"తెలుసన్నా."

"మరి సావుకారితో ఎందుకు చెప్పలా?"

ఆమె కట్టకు దారం చుట్టడం ఆపలేదు. కోపం లేదు, ఉపకారం చేశానన్న గర్వమూ లేదు. ధూపం గిన్నె అడిగినవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"చెప్పింటే నిన్ను ఆ పొద్దే ఇంటికి పంపిచ్చుంటాడు. ఆ వయసులో నిన్ను ఎవురు పెట్టుకుంటారన్నా? ఇంట్లో అక్క, అక్కోళ్ళమ్మ ఉండారు. నాకేం, నీకు అరవై నిండేదానికి నాలుగేండ్లే, ఓర్చుకుంటే ఆ చోటు ఎట్లైనా నాదే."

మర్నాటి నుంచి ఆమె ముందు నిలబడింది. ఇప్పుడూ నిలబడుతోంది. నేను ఆ వీధిలోంచి పోవాల్సి వస్తే పక్క సందులోంచి తిరిగి పోతాను. ఆమె నాలుగేళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, దయతలచి నన్ను అక్కడ నిలబడనిచ్చింది. ఆ నాలుగేళ్ళూ నేను గెలిచాననుకుని నిలబడ్డాను.